యూదులేనా అని అడిగే ముందు

మొన్న హైదరాబాద్‌లో నలుగురు పుస్తకాల మనుషుల మధ్య కొత్తరెడ్డిపాలెం ప్రస్తావన వచ్చింది. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గరి ఊరు. అక్కడ కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాల్లో తప్పిపోయిన ఎఫ్రాయిము సంతతి అంటాయి. బెనే ఎఫ్రాయిము అని పిలుచుకుంటాయి. 1991 నుంచి వాళ్లకో సినగాగ్ ఉంది. నేనింకా చెబుతుండగానే ఒకాయన నవ్వేశాడు: "ఇజ్రాయెల్ వీసా కోసం లెండి." ఇంకొకాయన డీఎన్ఏ పరీక్ష సంగతి అడిగాడు.

అయ్యా, మీది భరద్వాజ గోత్రమని ఏ ల్యాబ్ తేల్చింది?

వీసా సంగతీ చూద్దాం. మిజోరం, మణిపూర్‌ల బెనే మెనాషేని 2005లో అక్కడి ప్రధాన రబ్బీ గుర్తించాడు. వీళ్లకి ఆ గుర్తింపు రాలేదు. ముప్ఫై ఏళ్లు దాటినా శుక్రవారం దీపాలు పెట్టుకుంటూనే ఉన్నారు. వీసాకి ఇంత చుట్టుదారి అక్కర్లేదు, అమీర్‌పేటలో ఎవర్నడిగినా చెప్తారు.

ఎఫ్రాయిము కథ చరిత్రగా నిలబడుతుందని నేనూ అనుకోను. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ల మీద 2013లో ఓ పుస్తకం తెచ్చారు. అది చదివాక నన్ను పట్టుకున్నది వంశవృక్షం కాదు, గొడ్డుమాంసం. ఏ తిండిని చూపించి ఊరు వీళ్లని వెలివేసిందో, ఆ తిండినే తమ పాత ఇశ్రాయేలు గతానికి ఆనవాలుగా తిప్పి చదువుకున్నారు. మన విమర్శకుల్లో ఇలాంటి పునఃపఠనం చేసినవాళ్లు ఎంతమంది?

రెండోది శనివారం. వాళ్లలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. విశ్రాంతి దినం పాటిస్తే ఆ రోజు కూలి పోయినట్టే. కోతల రోజుల్లో శనివారం రానన్నవాణ్ణి ఆదివారం ఎవరు పిలుస్తారు? పాటించలేని వారాలూ ఉంటాయి. నాకైతే రెండు రోజుల సెలవు కంపెనీయే ఇస్తుంది. ఆ రెండు రోజులూ అస్తిత్వం మీద వ్యాసాలు రాస్తాను.

మాది కోనసీమ, ఐ.పోలవరం. మాల క్రైస్తవులం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు పుణ్యమా అని నాకు బడిలో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. కానీ నాన్నమ్మ ఇంట్లో ఈ తికమక ఉండేది కాదు. సాయంత్రం ప్రార్థన అవ్వందే అన్నం పెట్టేది కాదు. కరెంటు పోతే బుడ్డిదీపం. ఆకలేస్తోందని మేం గొణిగితే పాట ఇంకో చరణం సాగదీసేది.

జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దని 2022 మే నెలలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినప్పుడు నేను ఫేస్‌బుక్‌లో పదకొండు పోస్టులు పెట్టాను. మా పాపకి అప్పుడు ఆరేళ్లు. "నాన్నా, మన ఊరి దగ్గర మంటలెందుకు?" అని టీవీ చూపించింది. ఛానెల్ మార్చాను. నన్ను ఎవరూ రుజువు అడగలేదు, డీఎన్ఏ అడగలేదు. మరి కొత్తరెడ్డిపాలెంలో ఒక కూలీ తల్లి వారం వారం పిల్లలకి చెప్పుకునేదాన్ని నేను ఒక్కసారైనా ఎందుకు చెప్పలేకపోయాను?

పోయిన క్రిస్మస్‌కి ఊరెళ్లినప్పుడు పాప నాన్నమ్మ బైబిల్ తీసింది. అట్ట లోపల, ఆవిడ చెప్తుంటే నాన్న రాసిన పుట్టిన తేదీలున్నాయి. నా చర్చి పేరు చదివి, "ఇదెవరు?" అంది. చెప్పాను. తన పేరు కోసం కిందిదాకా వెతికింది. లేదు.

"పెన్ను ఉందా నాన్నా?" అంది.