నీడయు నివాసములో భాగమే

గ్రీష్మము ప్రవేశించినంతనే వడదెబ్బ మరణముల వార్తలు చదువుట మనకు అలవాటైపోయినది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిసి వేయిమందికి మించి అసువులు బాసిరి. నేరము సూర్యునిదేయని ఊరకుండుట సులభము. కాని పగలెల్ల ఎండలో కాయకష్టము చేసి వచ్చినవానికి రాత్రియైనను ఇల్లు విశ్రాంతి నీయలేకపోయినచో, ఆ నేరములో ఇంటికిని పాలు కలదు.

మన పూర్వపు తాపీ మేస్త్రులు ఈ సంగతి నెరిగినవారు. కోస్తా సీమలో గాలి తేమగా నుండును, చెమట ఆరదు. అచ్చట గాలి యాడుటయే ప్రాణము. అందుచే మండువా లోగిలికి నడుమ ఆకాశమునకు తెరపి విడిచి, చుట్టును వసారాలు దింపిరి. వేడెక్కిన గాలి మండువా గుండ పైకి పోవును. నీడనున్న చల్లగాలి దాని చోటికి వచ్చును. రాయలసీమలో గాలి పొడి; పగటి సెగకును రాత్రి చల్లదనమునకును అంతరము హెచ్చు. అచ్చటివారు మందమైన గోడలపై మట్టిమిద్దె వేసికొనిరి. పగటి వేడి గోడను దాటి లోనికి వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకును.

నేడు రెండు సీమలకును నమూనా ఒక్కటే: పలుచని గోడలు, పైన నాలుగైదు అంగుళముల కాంక్రీటు. పగలెల్ల వేడిని త్రాగిన ఆ కప్పు, రాత్రి దానిని నిద్రించువారిపై క్రుమ్మరించును. కలిగినవారు ఏసీ బిగించుకొందురు. ఆ యంత్రము గదిలోని వేడిని వీధిలోనికి నెట్టును. అది లేని పొరుగువాని కిటికీకే ఆ సెగ చేరును.

మండువా లోగిలి భూవసతి గలవారి ఇల్లు. రెండు సెంట్ల స్థలములో దానిని కట్టుకొనుమనుట పరిహాసము. మనము గ్రహింపవలసినది అందలి సూత్రమును. తిరువనంతపురమున లారీ బేకర్ (1917–2007) ఆ పని చేసి చూపెను. ఇటుకలను అంచుపై నిలిపి నడుమ బోలు విడిచిన గోడ వేడిని అడ్డుకొనును, ఇటుకలను మిగుల్చును. ఇటుకల జాలీ గాలిని రానిచ్చి ఎండను ఆపును.

తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించుట ప్రశంసనీయము. కప్పుపై తెల్లని పూత ఎండను మరలించును. అయితే ప్రైవేటు నివాసములలో 600 చదరపు గజములకు పైబడిన స్థలములవారికే అది విధి, తక్కినవారికి ఐచ్ఛికము. చిన్న ఇంటివానిని నిర్బంధింపకుండుట దయయే. కాని పూత ఖర్చునకు తోడ్పడని దయ వానికి నీడనీయదు.

పేదలకు కట్టించు ఇండ్ల నమూనాలో గదుల కొలతలతోపాటు గాలి దారియు, నీడ దిక్కును నిర్ణయింపబడవలెను. ఎదురెదురు కిటికీలు, పడమట ఒక చెట్టు, కప్పుపై సున్నపు పూత విలాసములు కావు. ఇల్లు ఇచ్చితిమని చెప్పుకొనుటకు ముందు, మే నెల మధ్యాహ్నమున అందులో పసిబిడ్డ నిద్రింపగలదా యని పాలకులు విచారింపవలెను.