నిరాడంబర వివాహము

తెలుగునాట పెండ్లి ఒకప్పుడు ఐదు దినముల పండుగ. సదస్యము, నాకబలి ముగిసినగాని చుట్టములు కదలెడివారు కారు. ఆ తంతు నేడు చాలవరకు ఒక్క పూటకు కుదిసినది. ఖాళీయైన దినములను సంగీత్, మెహందీ వచ్చి ఆక్రమించినవి! వ్యయము మాత్రము కుదియలేదు.

చట్టము అడుగునది స్వల్పము. 1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము ఇరుపక్షములలో ఒకరి ఆచారము ననుసరించి తంతు జరిగిన చాలును; అందు సప్తపది యున్నచో ఏడవ అడుగుతో వివాహము పూర్తియగును. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమునకు 30 దినముల నోటీసు, వివాహాధికారి, ముగ్గురు సాక్షులు కావలెను.

కావున నిరాడంబరముగా పెండ్లి చేయదలచువారు ముందు తేల్చుకొనవలసినది పిలుపుల సంఖ్య. అది తేలినచో వంట, విడిది, పందిరి వాటంతట అవియే తేలును. చిక్కంతయు ఇచ్చటనే. పిలువనివారు నొచ్చుకొందురన్న భయముకంటె, తిన్న విందులకు బదులు తీర్చలేదని లోకులు అందురన్న భయము పెద్దది. దీనిని ఆడపిల్ల తండ్రి ఒక్కడే తెంచుకొనజాలడు. మగపెండ్లివారు తాంబూలములనాడే 'మాకు ఆర్భాటము వలదు' అని నోరు విప్పి చెప్పవలెను. 'మీ ఇష్టము' అను మాట ఔదార్యమువలె వినిపించును గాని, తరచుగా అది అప్పుపత్రమునకే దారితీయును.

నిరాడంబరమనగా తొందర కాదు. జీలకర్ర బెల్లము పెట్టుకొను క్షణమున ఒకరినొకరు చూచుకొనవలసిన వధూవరులు ఛాయాగ్రాహకుని వంక చూచుచున్నారు. పురోహితుని తొందరపెట్టువారు ఆయనను మాత్రము తొందరపెట్టరు. 50 మంది కూర్చున్న పందిటిలో మంత్రార్థమును తెలుగున చెప్పించుకొనుటకు వీలున్నది; మేనత్తకు దగ్గర నిలిచి కొసరి వడ్డించుటకును వీలున్నది.