అటక మీద గబ్బిలాలు చేరాయా?

పాత పెంకుటిళ్లలో ఉండేవారికి ఈ బెడద కొత్త కాదు. సందె వేళకి అటక మీద కిచకిచలు, పొద్దున లేచేసరికి గోడ వార నల్లటి రెట్టలు, ఒకటే కంపు. అత్తగారేమో అరిష్టం, శాంతి చేయించాలంటారు. మీవారేమో పొగ పెడితే సరి అంటారు. శాంతి సంగతి మీ ఇంటి పెద్దల ఇష్టం గానీ, పొగ మాత్రం వద్దు. ఎండిన వాసాల కింద నిప్పుతో చెలగాటమెందుకు? పైగా ఆ ఉక్కిరిబిక్కిరిలో అవి గదుల్లోకే దిగొచ్చు.

ముందు ఎలుకలో, గబ్బిలాలో తేల్చుకోండి. ఎండిన రెట్టను పుల్లతో నొక్కితే పొడిపొడిగా రాలి, పురుగుల రెక్కల ముక్కలు మెరిస్తే గబ్బిలాలే. ఇవి ఎలుకల్లా కొరికి కన్నం చెయ్యవు. వేలు దూరేంత సందు ఉంటే చాలు, దూరిపోతాయి.

చాలామంది తొందరపడి పట్టపగలే ఆ సందు మూసేస్తారు. లోపలివి చచ్చి కుళ్లితే ఆ కంపు భరించలేం. రాత్రి అవి బయటికెళ్లాక మూద్దామన్నా, ఎగరలేని పిల్లలుంటే తల్లుల్లేక మాడిపోతాయి. పాపం కదూ! అందుకని రెండు మూడు సాయంత్రాలు దీపాల వేళకి పెరట్లో కుర్చీ వేసుకుని, ఎటునుంచి బయటికొస్తున్నాయో చూడండి. అన్నీ వెళ్లాక కూడా అటక మీద సన్నగా కిచకిచలు వినిపిస్తే పిల్లలున్నట్టే. నెలా నెలన్నర ఓపిక పట్టాలి మరి.

పిల్లలు లేవని తేలాక, సందు మీద దోమతెర గుడ్డ పైన, పక్కల చీలలతో బిగించి, కింద మూరెడు వదులుగా వేలాడదీయండి. లోపలివి పాక్కుంటూ కిందినుంచి బయటపడతాయి, తిరిగి రాలేవు. వారం అలా ఉంచి, చప్పుడు లేదనుకున్నాక సిమెంటుతో మూయించండి. మిగతా సందులు మాత్రం ముందే మూయించాలి సుమా, లేకపోతే పక్కదాంట్లో దూరతాయి.

గదిలోకి వస్తే ముందు ఫ్యాను కట్టెయ్యండి. లైటార్పి కిటికీలు తెరిస్తే అదే పోతుంది. చేత్తో పట్టుకోవద్దు, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వద్దు. కరిచినా గీరినా, గాయం చిన్నదని ఊరుకోకుండా సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరుకి చూపించి రేబిస్ టీకా గురించి అడగండి.

రెట్టల్ని పొడి చీపురుతో ఊడవకండి. ఆ ధూళిలో ఊపిరితిత్తులకు చెరుపు చేసే బూజు ఉండొచ్చు. ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు వేసుకుని, సబ్బునీళ్లు చిలకరించి, తడిగా ఉండగానే ఎత్తి సంచిలో కట్టెయ్యండి. ఆ పని పనిమనిషికి చెప్పినా, మాస్కూ తొడుగులూ ఇచ్చి మరీ చెప్పండి. అటక మీది ఊరగాయ జాడీల్ని వేడినీళ్లు, సబ్బుతో తోమి, రెండు రోజులు బాగా ఎండనిచ్చాకే వాడుకోండి.