‘ప్రమాదవశాత్తు’ అనే ముందు

ఇంగ్లీషులో ‘యాక్సిడెంట్’, ‘క్రాష్’ అనే రెండు మాటలనూ మనం ఒకే గాటన కట్టేస్తాం. క్రాష్ అంటే ఢీకొనడం; జరిగిందేమిటో చెప్పి ఊరుకుంటుంది, ఎందుకు జరిగిందన్న ప్రశ్నను తెరిచే ఉంచుతుంది. యాక్సిడెంట్ మాత్రం అనుకోకుండా జరిగిపోయిందని ముందే తీర్పు చెప్పేస్తుంది. అందుకే బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లోనే ఆ మాట తన పేజీల్లో వద్దనుకుంది. నిర్లక్ష్యం ఉందన్న ఆరోపణ వచ్చినప్పుడు ఆ మాట బాధ్యుణ్ని వెనకేసుకొచ్చినట్టు వినిపించవచ్చని అసోసియేటెడ్ ప్రెస్ 2016లో తన విలేకరులను హెచ్చరించింది. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. నూటికి డెబ్బైకి పైగా మరణాలు అతివేగం వల్లనే. అతివేగం తలరాత ఎలా అవుతుంది? యాక్సిలరేటర్ తొక్కింది మనిషి కాలే కదా. నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది మన మాటకు పట్టిన గతి. సంస్కృతంలో ‘ప్రమాదం’ అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. ‘అప్రమత్తంగా ఉండండి’ అన్నప్పుడల్లా ఆ పాత అర్థం పలుకుతూనే ఉంది. అంత నికార్సైన మాట చేతిలో పెట్టుకుని, ‘ప్రమాదవశాత్తు మృతి’ అని రాసి బాధ్యతను దేవుడి మీదికి నెట్టేస్తున్నాం. ఒకడు తాగి లారీని బడిపిల్లల మీదికి ఎక్కిస్తే నేను ఆ మాట రాయను. ‘లారీ ఢీకొట్టింది’ అని కూడా రాయను. డ్రైవరు ఢీకొట్టాడనే రాస్తాను.