పొగ నుంచి మిథనాల్: విద్యుత్తు ఎక్కడిది?

మిథనాల్ అనగానే మా తరం వైద్యులకు ముందు గుర్తుకు వచ్చేది కల్తీ సారా. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చూపు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అదే మిథనాల్‌ను బొగ్గు పొగలోని కార్బన్ డయాక్సైడ్‌తో తయారుచేసి ఇంధనంగా వాడవచ్చన్న వార్తలను మీరూ చదివే ఉంటారు. అది సాధ్యమే. అయితే అందుకు వాడే విద్యుత్తు ఎక్కడిదో మీరు తప్పక అడగాలి.

విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. దానిని ఉత్ప్రేరకం సాయంతో కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితే మిథనాల్ వస్తుంది. హైడ్రోజన్‌ను వేరుగా తీయనవసరం లేని మార్గమూ ఉంది. రాగి ఎలక్ట్రోడుపై కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా మీథేన్‌గా, ఇథిలీన్‌గా మార్చవచ్చని జపాన్‌లో యోషియో హోరి బృందం 1980లలోనే చూపింది. రాగికి బదులు వెండి వాడితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఈ రెండవ మార్గం ఇంకా పరిశ్రమగా స్థిరపడలేదు.

ఐస్‌లాండ్‌లోని స్వార్త్‌సెంగి వద్ద జార్జ్ ఓలా పేరిట ఒక మిథనాల్ కర్మాగారం 2012లో ప్రారంభమైంది. ఆ దేశపు విద్యుత్తు దాదాపు అంతా భూగర్భపు వేడి నుంచి, నదుల నుంచి వచ్చేదే. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ బొగ్గు విద్యుత్ కేంద్రం వద్ద ఎన్‌టీపీసీ రోజుకు 10 టన్నుల మిథనాల్ తయారుచేయగల ప్రయోగాత్మక కర్మాగారాన్ని నెలకొల్పింది. మంచి ప్రయత్నమే, కాదనను.

ఇక లెక్క చూడండి. కిలో మిథనాల్ మండితే సుమారు ఐదున్నర యూనిట్ల శక్తి వస్తుంది. తయారీకి ఆచరణలో ఇంచుమించు దానికి రెట్టింపు ఖర్చవుతుంది. బొగ్గుతో తీసిన ఒక్కో యూనిట్‌కు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే ఆ విద్యుత్తునే వాడితే పది కిలోలు వదిలి, కిలోన్నర కంటే తక్కువ పట్టుకుంటున్నామన్నమాట. మిథనాల్ మండిన రోజున అదీ తిరిగి గాలిలోకే పోతుంది.

వైద్యునిగా నా చింత మరొకటి. బొగ్గు కేంద్రాల పొరుగు గ్రామాల ప్రజల ఊపిరితిత్తులకు, గుండెకు హాని చేసేది ముఖ్యంగా సన్నని ధూళి, సల్ఫర్ డయాక్సైడ్. పొగలో కొంత భాగాన్ని మిథనాల్‌గా మార్చినంత మాత్రాన మిగిలిన పొగ శుభ్రపడదు. వాటిని వడగట్టే యంత్రాలు వేరు. ఒక ప్రయోగశాల పేరు చెప్పి ఆ యంత్రాల ఏర్పాటును వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు.

మధ్యాహ్నం వేళ మిగిలిపోయే సౌర విద్యుత్తుతో ఓడలకు, రసాయన పరిశ్రమలకు మిథనాల్ చేస్తే సంతోషమే. మీ కారు కోసమైతే మాత్రం ఆ విద్యుత్తును నేరుగా బ్యాటరీలో నింపుకోవడమే మేలు.