మూడు లైట్లూ వెలిగితేనే

మూడు గంటల సినిమా చూసి కూడా గుమ్మం దాటేసరికి మరిచిపోయే రోజులివి. అలాంటిది ఏడంటే ఏడే నిమిషాల సినిమా ఒకటి మా ఇంట్లో పెద్ద గొడవే తెచ్చిపెట్టింది. అది చూసి ఒకరు మెచ్చుకున్నారు, ఒకరు లాజిక్కులు వెతికారు, ఒకరు విసురుగా లేచి లోపలికి వెళ్లిపోయారు. ఒకరు మాత్రం ‘మళ్లీ పెట్టరా’ అన్నారు. ఆ అడిగినావిడ మా అమ్మ. వయసు డెబ్బై రెండు.

మా ఊరు పూతలపట్టు దగ్గర. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో రోడ్డు దిగి కాస్త లోపలికి పోవాలి. జూన్ నెలలో నాయన మొదటి దివసం. తోతాపురి కాయలు కోతకొచ్చిన రోజులు. పొద్దున వడలు, పాయసం ఆకులో పెట్టి గోడమీద ఉంచితే కాకి తొందరగానే వచ్చి ముట్టింది. ‘మీ నాయనకు ఆకలెక్కువ, ఎప్పుడైనా కాయించినాడా’ అని అమ్మే నవ్వింది. మధ్యాహ్నం బంధువులంతా తిని వెళ్లిపోయారు. సాయంత్రం కరెంటు పోయింది. ఇంట్లో ఉక్కపోత. అందరం వాకిట్లో మంచాలేసుకుని కూర్చున్నాం.

తిరుపతిలో ఇంజనీరింగు చదివే మా అక్క కొడుకు ఫోన్‌లో ఏదో చూస్తున్నాడు. ‘ఏందిరా అది, ఒగడివే చూస్తా ఉండావు’ అంది అమ్మ. వాడు నావైపు చూశాడు. నేను చూపించమన్నాను. అదేం సినిమానో నాకు తెలిసుంటే ఆ రోజు వద్దనేవాణ్ణేమో!

దాని పేరు ‘కార్గో’. ఆస్ట్రేలియాకు చెందిన బెన్ హౌలింగ్, యోలాండా రామ్కే అనే ఇద్దరు కలిసి తీశారు. 2013లో అక్కడి ‘ట్రాప్‌ఫెస్ట్’ లఘుచిత్రాల పోటీలో తుదిదాకా వచ్చింది. ఆ తర్వాత యూట్యూబులో ప్రపంచమంతా తిరిగింది. తర్వాత అదే కథను అదే ఇద్దరు పెద్ద సినిమాగా కూడా తీశారు.

కథ చెబుతాను. ఏదో మాయరోగం వచ్చి మనుషులు చచ్చి, మళ్లీ లేచి, కంటపడ్డ మనిషినల్లా కొరికి తినేస్తున్న కాలం. దారిలో ఓ కారు గుద్దుకుని ఆగిపోయి ఉంటుంది. మొగుడికి మెలకువ వస్తుంది. పక్కసీట్లో పెళ్లాం అప్పటికే ఆ రకం శవమైపోయి ఉంటుంది. వెనకసీట్లో పసిబిడ్డ. బిడ్డతో బయటపడతాడు కానీ తనకూ కాటు పడింది. ఇంకాసేపట్లో తానూ అలాగే అయిపోతాడు. అప్పుడు తన బిడ్డనే తాను తినేస్తాడు. ఏం చెయ్యాలి? బిడ్డను వీపుకు కట్టుకుంటాడు. ఒక కర్ర చివర మాంసం సంచి వేలాడదీసి, అది ఎప్పుడూ తన ముఖం ముందే ఊగేలా అమర్చుకుంటాడు. చేతులు కట్టేసుకుంటాడు. మనుషులుండే చోటు వైపు నడుస్తూ నడుస్తూ చచ్చిపోతాడు. చచ్చి లేచిన శవం కళ్లముందు ఊగే మాంసం కోసం అలా ముందుకు నడుస్తూనే ఉంటుంది. వెనక బిడ్డ ఉందన్న సంగతి దానికి తెలియదు. చివరికి ప్రాణాలతో ఉన్న కొందరు దూరం నుంచి చూసి తుపాకీతో కాల్చేస్తారు. దగ్గరికొస్తే వీపున బిడ్డ. బిడ్డ పొట్టమీద సిరాతో రాసి ఉంటుంది, ‘నా పేరు రోజీ’ అని.

అంతే సినిమా. ఫోన్ తెర ఆరిపోయింది. వాకిలంతా చీకటి.

మొదట మాట్లాడింది మేనల్లుడే. ‘చూసినావా మామా, మాటల్తో పనే లేదు! ఏడు నిమిషాల్లో ఎట్ల చెప్పినారో!’ అన్నాడు. వాడికి సినిమా పిచ్చి. వాడి దృష్టి కెమెరామీద.

మా బావ బడిపంతులు. ఆయనకు తప్పు దిద్దకపోతే నిద్రపట్టదు. ‘అదెట్లా కుదురుతుందిరా? చచ్చినోడికి బిడ్డ ఉండాదని గ్యాపకం ఉంటుందా? ఉంటే మాంసం సంచెందుకు? లేకుంటే నడిచేదెట్లా?’ అని మొదలుపెట్టాడు.

అక్క అప్పటికే లేచి నిలబడింది. ‘నాయన దివసం నాడు చూపించేదానికి నీకు ఈ పీనుగుల సినిమానే దొరికిందా? బుద్ధుండాదా మీకు?’ అని కొడుకునీ నన్నూ కలిపి తిట్టి ఇంట్లోకి వెళ్లిపోయింది.

అమ్మ మాత్రం బావకు జవాబు చెప్పింది. ‘గ్యాపకం ఉండదని తెలుసు గదబ్బా ఆ పిల్లోడికి! ఉండదని తెలిసే గదా ముందే అన్నీ కట్టుకున్నాడు. చచ్చినాక మనం చేసేదేముంది? చేసేదంతా ముందే చెయ్యాల’ అంది. ఆ తర్వాత ‘ఇంగోసారి పెట్టరా’ అంది.

ఆ కథ గురించి ఇంతకంటే మంచి మాట నేను ఎక్కడా చదవలేదు.

అసలు చావు బాధ ఉన్న ఇంట్లో చచ్చినవాళ్లు తిరిగొచ్చే కథలు చూపించవచ్చా? ఆ రాత్రి నాకు నిద్రపట్టక ఇదే ఆలోచన. అలాంటి సినిమా ఒకటి నేను నాయనతో కలిసే చూశానని అప్పుడు గుర్తొచ్చింది. అది ‘మనం’. అక్కినేని నాగేశ్వరరావు తనకు క్యాన్సరని 2013 అక్టోబరులో తానే అందరికీ చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆ ఏడాది మే 23న సినిమా విడుదలైంది. కథ చూస్తే, చిన్నప్పుడే అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నవాడికి పెద్దయ్యాక వాళ్లే మరుజన్మలో, తనకంటే చిన్నవాళ్లుగా కనపడతారు. నడివయసు నాగార్జున కుర్ర సమంతను అమ్మా అని పిలుస్తుంటే హాలంతా నవ్వు. ముసలాయన అక్కినేని కథలోనూ అంతే, కన్నవాళ్లు కుర్రవాళ్లై ఎదురవుతారు. నాగార్జున ఆయనకు తండ్రి!

మా నాయన అక్కినేని అభిమాని. 1953 నాటి ‘దేవదాసు’ను ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క తెలియదు. తిరుపతిలో ఆ సినిమాకు తీసుకుపోయాను. తెరమీద అక్కినేని కనపడగానే ముందు వరుసల్లో ఈలలు. మా చుట్టూ ఉన్న పెద్దవాళ్లు మాత్రం ఒక్కసారిగా మాట్లాడ్డం మానేశారు. నాలుగు నెలల కిందట పోయిన మనిషి తెరమీద నవ్వుతున్నాడు. నా కళ్లు చెమర్చాయి. నాయన నావైపు తిరిగి, ‘ఆయనే నవ్వుతా ఉంటే మధ్యలో నువ్వు ఏడ్చేదేందిరా?’ అన్నాడు. ఆ మాట ఇప్పుడు నాకు మరోలా వినపడుతోంది.

కథలో పోయినవాళ్లు రావడం వేరు, మన సొంతవాళ్లే రావడం వేరు. 2020లో దక్షిణ కొరియాలో ఎంబీసీ అనే టీవీ చానల్ ‘నిన్ను కలిశాను’ అని ఓ కార్యక్రమం ప్రసారం చేసింది. జబ్బుతో పోయిన ఓ చిన్నారిని కంప్యూటర్లో బొమ్మగా తయారుచేశారు. తల్లి కళ్లకు ఓ పరికరం తగిలించారు. బిడ్డ ఎదురుగా వచ్చి మాట్లాడినట్టు కనపడుతుంది. తల్లి చేతులు చాస్తుంది. చేతికి గాలే తగులుతుంది. చూసినవాళ్లలో కొందరు ఆ తల్లితోపాటు ఏడ్చారు. కొందరు ఒక తల్లి ఏడుపును ఇలా అమ్ముకుంటారా అని మండిపడ్డారు. మా వాకిట్లో జరిగిన గొడవే దేశం మొత్తం జరిగిందన్నమాట!

అయినా ఇదేమీ కొత్త ముచ్చట కాదు. మనవైపు ఊరూరా భారతం మిట్టలున్నాయి. ధర్మరాజుల గుడి ముందు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తపసుమాను ఎక్కిన అర్జునుడు కింద పడేసే నిమ్మకాయ కోసం పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో వరం పడతారు. అక్కడ చూసేవాళ్లు ఉత్త ప్రేక్షకులు కారు, వాళ్ల బాధను వెంట తెచ్చుకుంటారు. నా చిన్నప్పుడు అభిమన్యుడు చచ్చిపోయే రాత్రి మా అవ్వ అన్నం ముట్టేది కాదు. ఆమెకు పదహారేళ్ల కొడుకు ఒకడు పోయాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

నేను చూసిన ఉత్సవాల్లో కథ దుర్యోధన వధతో, నిప్పుల గుండంతో, ధర్మరాజు పట్టాభిషేకంతో ముగిసిపోతుంది. భారతంలో మాత్రం ఇంకా చాలా కథ ఉంది. ఆశ్రమవాస పర్వం తెరిచి చూడండి. యుద్ధం ముగిసి పదహారేళ్లు. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిలో ఉన్నారు. దుఃఖం తగ్గలేదు. వ్యాసుడు వచ్చి ‘ఏం కావాలి?’ అని అడుగుతాడు. పోయిన బిడ్డల్ని ఒక్కసారి చూడాలంటారు. రాత్రి గంగ ఒడ్డుకు పిలిపిస్తాడు. నీళ్లలోంచి వంద మంది కౌరవులు, కర్ణుడు, అభిమన్యుడు, ద్రౌపది కొడుకులు, అందరూ లేచి వస్తారు. ఎవరికీ ఎవరిమీదా పగ లేదు. కళ్లులేని ధృతరాష్ట్రుడు ఆ రాత్రే తన కొడుకుల్ని మొదటిసారి చూస్తాడు. ఒక్క రాత్రే. తెల్లవారేసరికి అందరూ మళ్లీ గంగలో కలిసిపోతారు.

ఇక్కడ నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. ఈ కథంతా జనమేజయుడికి చెబుతున్నారు కదా! ఆయన ముందు అచ్చం మా బావలాగే అడుగుతాడు. ‘శరీరం పోయినవాళ్లు అదే రూపంతో ఎలా కనపడతారు?’ అని. జవాబు చెబుతారు. అయినా ఊరుకోడు. వ్యాసుడు మా నాన్నను చూపిస్తే అప్పుడు నమ్ముతానంటాడు. తక్షకుడి కాటుకు పోయిన పరీక్షిత్తు ఆయన తండ్రి. లాజిక్కు అడిగిన మనిషి లోపల నాన్న కోసం బెంగపెట్టుకున్న కొడుకున్నాడు. వ్యాసుడు పరీక్షిత్తును రప్పిస్తాడు. కొడుకు కళ్లారా చూస్తాడు. యాగం చివర చేసే పుణ్యస్నానం తనకంటే ముందు తండ్రికి చేయిస్తాడు. ఆ తర్వాత ఆయన వెళ్లిపోతాడు. ఇంకాసేపు ఉండమని పట్టుబట్టడు.

మర్నాడు ఉదయం ఇదంతా చెబుతుంటే మా మేనల్లుడికి ఓ ఆలోచన వచ్చింది. ‘మామా, ఇప్పుడు వ్యాసుడు అవసరం లేదు. తాత ఫోటో ఉండాది, పెండ్లి వీడియోల్లో గొంతుండాది. ఏఐలో పెడితే తాత మాట్లాడతాడు. అవ్వకు చూపిద్దామా?’ అన్నాడు. బావ ‘చెయ్యి చూద్దాం’ అన్నాడు. అక్క ‘ఆ పని చేసినావంటే నేనీ ఇంటికే రాను’ అంది. నాకు ఎటూ తోచలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒక్కసారి వినాలనే ఉంది. ‘తినేసి పోరా’ అన్న ఒక్క మాట చాలు.

చివరికి అమ్మనే అడిగాం. ఆమె తిరగలి దగ్గర కూర్చుని ఉంది. చెయ్యి ఆపి కాసేపు మనవడి ముఖం చూసింది. ‘వొద్దు నాయనా. ఆయప్ప నాకు చెప్పాల్సిందంతా చెప్పే పోయినాడు. ఇంగ నువ్వు పలికించేది నీ మాటవుతుంది గానీ ఆయన మాట కాదు’ అంది.

ఆమె ఏం చెబుతోందో మా అందరికీ తెలుసు. తనకింక ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పాక నాయన ఓ చిన్న డబ్బా తెల్లరంగు, కుంచె కొన్నాడు. అమ్మకు రెండో తరగతి చదువు, పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుని చదువుతుంది. బీరువా తలుపు లోపల మా ఫోన్ నంబర్లు చేటంత అంకెల్లో రాశాడు. తోటలో బోరు మోటారును అమ్మ ఎన్నడూ ముట్టుకోలేదు. షెడ్డులో స్టార్టరు పక్క గోడమీద రాశాడు: ‘మూడు లైట్లూ వెలిగితేనే పచ్చది నొక్కు. ఒకటి ఆరినా ముట్టుకోవద్దు.’ మూడు ఫేజుల్లో ఒకటి లేకుండా మోటారు వేస్తే కాలిపోతుంది. కాలితే అమ్మ ఒక్కతే ఎవరి వెంట తిరగాలి?

అప్పుడు అక్క నాయన్ను తిట్టింది. ‘గోడలంతా గలీజు చేస్తా ఉండావు, నిన్నెవురు పొమ్మన్నారిప్పుడు?’ అని. నాయన నవ్వి ఊరుకున్నాడు. కుంచె మాత్రం ఆపలేదు. ఆ రాత్రి సినిమాలో పసిబిడ్డ పొట్టమీద రాసిన అక్షరాలు కనపడగానే అక్క ఎందుకు లేచి వెళ్లిపోయిందో నాకు తెల్లారిగానీ అర్థం కాలేదు. మేనల్లుడి మీద కోపం కాదది.

ఒకే సినిమా. ఒకరికి కెమెరా, ఒకరికి లాజిక్కు, ఒకరికి పుండు, ఒకరికి ఊరట. ఎవరికేది తగులుతుందో చూపించేవాడికి తెలియదు. అందుకే బాధలో ఉన్నవాళ్లకు ఏదైనా చూపించేముందు ఒక్కమాట అడగడం మంచిది. అలాగని వద్దన్న అక్క తప్పూ కాదు, మళ్లీ పెట్టమన్న అమ్మ తప్పూ కాదు.

నేను తిరుపతికి బయల్దేరే రోజు పొద్దున్నే తోటకు త్రీఫేజు కరెంటొచ్చింది. అమ్మ వెంట షెడ్డు దాకా వెళ్లాను. ఏడాదిగా రోజూ మోటారు వేస్తున్న మనిషి, ఇక చదవాల్సిన అవసరమే లేదు. అయినా గోడముందు నిలబడి పెదవులు కదుపుతూ రెండు వరుసలూ చివరిదాకా చదివింది. లైట్లు లెక్కపెట్టింది. మూడూ వెలుగుతున్నాయి. పచ్చది నొక్కింది.