ఈ-ఆధార్ ఫైల్ తెరుచుకోవడం లేదా? ఇలా చేయండి
స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు దగ్గరపడింది. ప్రింట్ కోసం మంచిర్యాలలోని నెట్ సెంటర్‌కు వెళ్తే, ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏది కొట్టినా తప్పంటోంది. ఫైల్ పాడైందని కంగారుపడకండి.

పాస్‌వర్డ్ ఏంటి?
ఆధార్‌లో ఇంగ్లిష్‌లో ఉన్న మీ పేరులోని మొదటి 4 అక్షరాలు పెద్దబడిలో, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. మధ్యలో ఖాళీ వదలొద్దు.

పొరపాటు ఎక్కడ?
మనలో చాలామందికి ఇంటిపేరే ముందుంటుంది. ఆధార్‌లోనూ అలాగే ఉంటే ఇంటిపేరు అక్షరాలే కొట్టాలి. 'పి. కుమార్' అని ఉంటే పి, చుక్క, కె, యు. అంటే చుక్క కూడా లెక్కే. పేరులో మూడక్షరాలే ఉంటే ఆ మూడే చాలు. సంవత్సరం కూడా టెన్త్ మెమోలోది కాదు, ఆధార్‌లో ఉన్నదే వేయాలి.

అయినా తెరుచుకోకపోతే?
డౌన్‌లోడ్ మధ్యలో ఆగి ఉండొచ్చు. మై ఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో మళ్లీ తీసుకోండి. సందేహాలుంటే 1947కు ఫోన్ చేయండి.

ఇది మరవద్దు
పాస్‌వర్డ్ తీసేస్తామనే వెబ్‌సైట్లలో ఆధార్ పెట్టొద్దు. ప్రింట్ అయ్యాక సెంటర్ కంప్యూటర్‌లో ఫైల్‌ను రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయించాకే బయటికి రండి.